ఫొటో దిగేవారి మాట

ప్రయాణాల్లో అక్కడి మనుషులను ఫొటో తీసేటప్పుడు పాటించవలసిన మర్యాదల గురించి ప్రశ్నలు పంపమని రెండు నెలల కిందట ఈ శీర్షికలో పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అన్నీ కెమెరా పట్టుకున్నవారు రాసినవే. ఒక్క ఉత్తరం మాత్రం కెమెరాకు ఎదురుగా నిలబడే స్త్రీ రాశారు. దానికి చివర జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి పోయిన వేసవిలో వెళ్లాం. ఒక శనివారం పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌కు తీసుకెళ్లాడు. గుర్రపు బగ్గీలో తలకు నల్ల కుళ్లాయి కట్టుకున్న ఒకావిడ, ఇద్దరు పిల్లలు వెళ్తుంటే ముచ్చటేసి ఫోన్‌తో ఫొటో తీశాను. ఆవిడ చప్పున ముఖం పక్కకు తిప్పేసుకుంది. "అమ్మా, వాళ్లను అలా తీయకూడదు" అని మా అబ్బాయి కారులో అందరి ముందూ అన్నాడు. నేను చెడ్డ ఉద్దేశంతో తీయలేదు కదా, ఇందులో తప్పేమిటి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: మీ ఉద్దేశాన్ని ఎవరూ శంకించరు. అయితే బగ్గీలో కూర్చున్న ఆవిడకు మీ మనసు కనిపించదు, మీ చేతిలోని ఫోన్ మాత్రమే కనిపిస్తుంది. లాంకాస్టర్‌లో అలా బగ్గీల్లో తిరిగే ఆమిష్ వారు స్విట్జర్లాండ్, జర్మనీ ప్రాంతాల్లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖకు చెందినవారు. 18వ శతాబ్దం తొలి సగంలో పెన్సిల్వేనియాకు వచ్చి స్థిరపడ్డారు. బైబిల్‌లోని పది ఆజ్ఞల్లో ప్రతిమలు చేసుకోకూడదన్న ఆజ్ఞను వారు ఫొటోలకు కూడా వర్తింపజేస్తారు. అంతకు మించి, తనను తాను ముందుకు తెచ్చుకుని నలుగురికీ చూపించుకోవడం అహంకారమనీ, అణకువగా ఉండడమే ధర్మమనీ వారి నమ్మకం. వారి పిల్లలు ఆడుకునే గుడ్డ బొమ్మలకు సైతం సంప్రదాయంగా కళ్లు, ముక్కు, నోరు కుట్టరు.

మన భాషలో ఫొటో తీయడం వేరు, ఫొటో దిగడం వేరు. మన అమ్మమ్మలు ఊళ్లోని స్టూడియోకు వెళ్లి ఫొటో దిగేటప్పుడు పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి కట్టుకునేవారు, తలకు నూనె రాసి నున్నగా దువ్వుకునేవారు, కుర్చీ చేతిమీద చెయ్యి ఎలా ఆనించాలో స్టూడియో ఆయనను అడిగి తెలుసుకునేవారు. దిగడమంటే దిగేవారు తమ ఇష్టంతో, తమకు నచ్చిన తీరులో చేసే పని. ఆ రోజు లాంకాస్టర్‌లో మీరు ఫొటో తీశారు గానీ ఆవిడ ఫొటో దిగలేదు. ముఖం తిప్పుకోవడమే ఆవిడ చెప్పిన సమాధానం.

ఆ ఊళ్లలో పొలాలను, గాదెలను, దూరంగా వెళ్తున్న బగ్గీలను వెనకనుంచి తీసుకుంటే వారిలో చాలామంది అభ్యంతరపెట్టరు. ముఖాలు తెలిసేలా దగ్గరనుంచి తీయడం, నిలబడమని అడగడం కూడదు. మీ ఫోన్‌లోని ఫొటోలో ఆవిడ ముఖం గానీ పిల్లల ముఖాలు గానీ పోల్చుకునేలా ఉంటే దాన్ని తొలగించండి. మీ అబ్బాయి చెప్పిన మాట సరైనదే. తల్లికి ఆ మాట ఇంటికి వెళ్లాక చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

ప్రశ్న: పదేళ్లుగా ఫొటోగ్రఫీ నా అభిరుచి. సెప్టెంబరులో టర్కీ వెళ్తున్నాను. బజార్లలో, వీధుల్లో మనుషుల ముఖాలు తీయడమే నాకు ఇష్టం. ముందే అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, సహజత్వం పోతుంది. అడగకుండా తీస్తే తప్పంటున్నారు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఫొటోలన్నీ అడిగే తీశారా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు ప్రసిద్ధ ఫొటోల మాట ఎత్తారు కాబట్టి రెండింటి సంగతి చెబుతాను. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ చేలల్లో కూలికి వచ్చినవారి గుడారాల వద్ద డొరొతియా లాంగ్ ఒక తల్లినీ ఆమె పిల్లలనూ ఫొటో తీశారు. అమెరికా ఆర్థిక మాంద్యానికి గుర్తుగా నిలిచిపోయిన ఫొటో అది. లాంగ్ దొంగచాటుగా తీయలేదు. మాట్లాడుతూ, కొద్దికొద్దిగా దగ్గరికి జరుగుతూ కొన్ని ఫొటోలు తీశారు. కానీ ఆ తల్లి పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదనీ, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ, ప్రతి పంపుతామన్న మాట కూడా నిలబెట్టుకోలేదనీ ఆమె అప్పుడు బాధపడ్డారు. ఫొటో పత్రికల్లో వచ్చాక ఆ శిబిరానికి ఆహారం పంపారు, అది నిజం. కానీ అప్పటికే ఆమె కుటుంబం పని వెతుక్కుంటూ అక్కడినుంచి వెళ్లిపోయింది.

రెండోది 1984లో పాకిస్తాన్‌లోని పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక ఫొటో. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చి కోట్ల మంది గోడలకెక్కిన ఆ ముఖం ఎవరిదో 2002 దాకా ఎవరికీ తెలియదు. షర్బత్ గులా తన ఫొటోను తాను మొదటిసారి చూసుకున్నది కూడా ఆ ఏడాదే. లోకమంతా చూసిన పదిహేడేళ్ల తర్వాత చూసుకున్నారన్నమాట.

ఈ రెండు ఫొటోలనూ నేను తక్కువ చేయడం లేదు. ఆ తీసినవారి ప్రతిభ ముందు తలవంచుతాను. అయినా దిగినవారి వైపు నుంచి చూస్తే ఆ రెండింటిలోనూ ఏదో అప్పు తీరకుండా మిగిలిపోయింది, మనలాంటి అభిరుచిగల వాళ్లు కనీసం ఆ అప్పు మిగల్చకుండా చూసుకోవచ్చు. నాకూ అలాంటి బాకీ ఒకటుంది. 2013లో నేపాల్‌లోని భక్తపూర్ కుమ్మరుల కూడలిలో ఒక వృద్ధుడు సారె తిప్పుతుంటే ఫొటోలు తీసి, ప్రింటు పంపుతానని చెప్పి, ఆయన మనవడి చేత చిరునామా రాయించుకున్నాను. ఆ కాగితం ఎక్కడో పోగొట్టుకున్నాను. 2015 ఏప్రిల్‌లో భూకంపం వచ్చి భక్తపూర్ ఇళ్లు కూలిన వార్త చదివినప్పుడు ఆ ఫొటో ముందు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. అప్పటినుంచి అరచేతిలో పట్టే చిన్న ప్రింటరు సంచిలో పెట్టుకుని వెళ్తున్నాను. ఫొటో దిగినవారి చేతిలో అక్కడికక్కడే ప్రింటు పెడుతున్నాను.

ఇక మీ అసలు సందేహం, సహజత్వం గురించి. మీరు వెళ్లబోయే ఇస్తాంబుల్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ మీది గలాటా వంతెన రెయిలింగు పొడవునా పొద్దున్నుంచి రాత్రి దాకా గాలాలు వేసుకుని మనుషులు నిలబడి ఉంటారు. నేను వెళ్లిన రోజు కెమెరా మెడలోనే ఉంచుకుని, అటు తిరుగుతున్న టీ అమ్మేవాడి దగ్గర నడుం సన్నని గాజు గ్లాసులో టీ తీసుకుని, ఒక పెద్దాయన పక్కన అరగంట నిలబడ్డాను. ఆయన నాకు తన బక్కెట్‌లోని చేపలు చూపించాడు, నేను మెచ్చుకున్నాను. తర్వాత అడిగాను. ఆయన వెంటనే గాలం పక్కన ఆనించి, జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకుని, బక్కెట్‌ను కాలితో ముందుకు జరిపి, సైనికుడిలా నిటారుగా నిలబడ్డాడు. మీరన్నట్టే బిగుసుకుపోయాడు. ఆ ఫొటో తీసి చూపించాను, సంతోషించాడు. ఆపైన మళ్లీ తన పనిలో పడ్డాడు. ఎర గుచ్చుతున్న వేళ్లు, నీటి మీద నిలిచిన చూపు, నేను కోరుకున్నవన్నీ అప్పుడు దొరికాయి. మొదటి ఫొటో ఆయన కోసం, రెండోది నా కోసం. ఇంట్లో గోడకు నేను తగిలించుకున్నది మాత్రం మొదటిదే. ఆ బక్కెట్‌ను ముందుకు జరపడంలో ఆయన తన గురించి చెప్పుకున్నదంతా ఉంది.

దూరంనుంచే ముఖాలు తీయగల 200 మిల్లీమీటర్ల జూమ్ లెన్సును గదిలో వదిలి 35 గానీ 50 గానీ మిల్లీమీటర్ల లెన్సు పట్టుకెళ్లండి. దానితో తీయాలంటే అవతలివారు మిమ్మల్ని చూడగలిగేంత దగ్గరగా వెళ్లక తప్పదు, వారికి వద్దు అనే వీలు అప్పుడే ఉంటుంది. "ఫోతోరాఫ్ చెకెబిలిర్ మియిమ్" అంటే తుర్కీ భాషలో ఫొటో తీయవచ్చా అని. జవాబును కూడా అక్కడి తీరులోనే చదువుకోవాలి: తుర్కులు కనుబొమలు పైకెత్తి, తల కాస్త వెనక్కి ఎగరేసి, నాలుకతో "చ్" అంటే అది స్పష్టమైన నిరాకరణ. మన ఊళ్లలో గడ్డం ఎగరేస్తే "ఏంటి సంగతి" అని అర్థం కాబట్టి మనవారు అది ప్రశ్న అనుకుని మళ్లీ అడుగుతారు. రెండోసారి అడగకండి. నవ్వి, కెమెరా దించి, టీ తాగి వచ్చేయండి.

ప్రశ్న: బహిరంగ ప్రదేశంలో ఎవరినైనా ఫొటో తీయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది అని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ మిత్రుడి మాట అమెరికాకు చాలావరకు సరిపోతుంది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో తనకు తెలియకుండా తీసిన ఫొటోను ప్రదర్శించి అమ్మారని ఒక యూదు వృద్ధుడు తన మత విశ్వాసాన్ని కూడా ప్రస్తావిస్తూ వేసిన దావాను 2006లో అక్కడి కోర్టు కొట్టివేసింది. కళాసృష్టి అయినందున అనుమతి అక్కరలేదంది. సరిహద్దు దాటి కెనడాలోని క్యుబెక్‌కు వెళితే సంగతి మారిపోతుంది. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి ఫొటోను ఆమెను అడగకుండా ఒక పత్రిక ప్రచురించినందుకు, ఆమెకు 2,000 డాలర్ల పరిహారం దక్కవలసిందేనని 1998లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హంగరీలో 2014 మార్చి 15న అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం ప్రచురించడానికే కాక ఫొటో తీయడానికి కూడా ఆ వ్యక్తి సమ్మతి ఉండాలి. జనసమూహాలకు, ప్రజాజీవితంలోని కార్యక్రమాలకు మాత్రం మినహాయింపు ఉంది.

మన తెలుగువారు లక్షల్లో ఉండే గల్ఫ్ దేశాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా ఇతరులను ఫొటో తీయడం, దాన్ని పంచుకోవడం జైలు శిక్షకూ భారీ జరిమానాకూ దారితీయగల నేరాలు. దుబాయ్ మాల్‌లో పక్క బల్ల దగ్గర కూర్చున్న కుటుంబం మీ సెల్ఫీలో పడినా వారు అభ్యంతరం చెప్పగలరు. స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అలాగని పర్దా పాటించే స్త్రీలకు ఫొటో దిగాలన్న కోరిక ఉండదనుకోవడం కూడా పొరపాటే. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో అంతఃపుర స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, ఒక ఆంగ్ల మహిళకు దాని బాధ్యత అప్పగించారు. పరాయి మగవారి కంట పడకుండా వచ్చి, తమకు నచ్చినట్టు ఫొటో దిగి వెళ్లే వీలు అక్కడ ఉండేది. కోరిక ఉంది, షరతులూ ఉన్నాయి. ఆ షరతులు పెట్టే హక్కు దిగేవారిదే.

జపాన్‌లోని క్యోటోలో గియోన్ అనే పేట ఉంది. సాయంత్రం పనికి వెళ్లే మైకోలను, అంటే గీషా విద్య అభ్యసించే అమ్మాయిలను, పర్యాటకులు చుట్టుముట్టి కిమోనో కొంగులు పట్టి లాగేదాకా పోవడంతో, 2019 అక్టోబరులో స్థానికులు తమ సొంత సందుల్లో ఫొటోలు నిషేధించి 10,000 యెన్ల జరిమానా బోర్డులు పెట్టారు. 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులు రావడమే నిషేధించారు. మర్యాద నడవని చోటికే చట్టం వస్తుంది. అది వచ్చేసరికి అడిగి తీసుకునేవారికి కూడా ఆ దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: కాశీలో ఘాట్ల దగ్గర ఫొటోలు తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: దశాశ్వమేధ ఘాట్‌లో గంగా హారతి తీసుకోండి. మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్ల దగ్గర పడవ మీదనుంచైనా సరే చితులనూ, చుట్టూ ఉన్న బంధువులనూ తీయకండి. డబ్బిస్తే తీసుకోనిస్తామని అక్కడ కొందరు వస్తారు. కాలుతున్న శరీరం వారి బంధువుది కాదు, అనుమతి ఇచ్చే అధికారం వారికి లేదు.

ప్రశ్న: మేం స్నేహితులం థాయ్‌లాండ్ వెళ్తున్నాం. చియాంగ్ మాయ్ నుంచి పొడవు మెడల స్త్రీల గ్రామానికి తీసుకెళ్తామని ట్రావెల్స్ వారు చెప్పారు. అక్కడ ప్రవేశానికి డబ్బు కట్టాలట, ఫొటోలు దిగినందుకు కూడా ఇవ్వాలట. డబ్బిచ్చి ఫొటో తీయడం అవమానించడం అవుతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డబ్బు విషయం ముందు చెబుతాను. మండుటెండలో నిలబడి, పరాయివాడి కోసం ఇటు తిరిగి అటు తిరిగి ఫొటో దిగడం ఒక పని. పనికి కూలి ఇవ్వడం అవమానం కాదు. మొరాకోలోని మర్రకేష్‌లో జెమా ఎల్-ఫ్నా మైదానంలో పాములాడించేవారు, ఎర్రటి దుస్తులు తొడిగి గంట వాయిస్తూ నిలబడే నీళ్లవాళ్లు, పెరూలోని కుస్కో వీధుల్లో అల్పాకా అనే ఉన్ని జంతువుల పిల్లలను ఎత్తుకుని నిలబడే స్త్రీలు ఫొటో దిగి డబ్బు అడుగుతారు. అది వారి జీవనోపాధి. ముందే ఎంతో మాట్లాడుకుని, అడిగినంత ఇచ్చి, తీసుకోండి. తీసేసి బేరమాడడం, ఇవ్వకుండా జారుకోవడం అక్కడ మనవాళ్లు చేస్తుండగా చూశాను, చాలా సిగ్గుపడ్డాను. ఇథియోపియాలో ఓమో లోయ ముర్సీ తెగవారు ఫొటోకు ఇంత అని లెక్కపెట్టి తీసుకుంటారు. దానికి చిరాకుపడే పర్యాటకులు, వారి పెదవిలోని మట్టి పళ్లేన్ని చూడడానికే అంత దూరం వచ్చామన్న సంగతి మరిచిపోకూడదు.

మీరు వెళ్లబోయే చోట నన్ను కలవరపెట్టేది డబ్బు కాదు. ఆ స్త్రీలు కాయన్ తెగవారు. మయన్మార్‌లో సైన్యానికీ స్థానిక తెగలకూ మధ్య జరిగిన పోరాటాల నుంచి తప్పించుకుని 1980లలో, 90లలో సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని మే హాంగ్ సాన్ ప్రాంతానికి వచ్చారు. చిన్నప్పటినుంచి మెడకు చుట్టుకునే ఇత్తడి చుట్టల బరువుకు భుజాల ఎముకలు కిందికి కుంగి మెడ పొడవైనట్టు కనిపిస్తుంది. వారిలో కొందరికి న్యూజిలాండ్, ఫిన్లాండ్ దేశాలు స్థిరనివాసం ఇస్తామంటే థాయ్ అధికారులు వెళ్లనివ్వడం లేదని 2008లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ బహిరంగంగా ఆక్షేపించింది. పర్యాటకుల రాబడి కోసమే వారిని ఆపుతున్నారన్న విమర్శ అప్పుడు గట్టిగా వినిపించింది.

వద్దు అనే వీలు లేని మనిషి సరే అంటే ఆ సరేకు విలువ ఎంత? అనుమతి అడిగామా లేదా అన్నదానికంటే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని నా విన్నపం. చియాంగ్ మాయ్ చుట్టుపక్కల పర్యాటకుల కోసమే కట్టి, అనేక తెగలవారిని తెచ్చి వరుసగా కూర్చోబెట్టిన గ్రామాలకు వెళ్లకండి. నిజంగా ఆసక్తి ఉంటే మే హాంగ్ సాన్ దాకా వెళ్లండి. నది పక్కన హువై పూ కెంగ్ అనే ఊళ్లో కాయన్ వారి ఇళ్లలోనే రాత్రి బస చేయవచ్చు, వారి దగ్గర నేత, చెక్క పని నేర్చుకోవచ్చు. ఒక పూట మగ్గం దగ్గర ఆమె పక్కన కూర్చుని, నూలు తెగితే ముడి ఎలా వేయాలో నేర్చుకున్నాక కెమెరా తీయండి. బస్సు దిగి పది నిమిషాల్లో పాతిక ఫొటోలు తీసుకుని బస్సెక్కితే మీకూ ఏమీ మిగలదు.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో కుటుంబంతో అండమాన్ వెళ్తున్నాం. బారాటాంగ్ దారిలో జరావా ఆదిమ తెగవారు కనిపిస్తారని విన్నాం. కారు ఆపకుండా, అద్దంలోంచి ఒక్క ఫొటో తీసుకుంటే ఏమవుతుంది?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తీయకండి. అది నేరం. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనలను 2012లో మరింత కఠినం చేశారు. ఫొటోలు, వీడియోలు తీసినవారికి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలను వరుసగా, పోలీసు కాపలాతో, ఎక్కడా ఆపకుండా పంపుతారు.

శిక్ష భయం కంటే పెద్ద కారణం ఇది. జరావాలు సుమారు 400 మంది. బయటివారితో కలవడం 1990ల చివర్లో మొదలైంది, 1999లోనే వారిలో తట్టు వ్యాపించింది. మన దగ్గర పిల్లలకు టీకా వేసి మరిచిపోయే జబ్బు వారికి ప్రాణాంతకం. 2012 జనవరిలో పర్యాటకుల ముందు జరావా స్త్రీల చేత తిండి ఆశ చూపి నృత్యం చేయించిన వీడియో బయటికి వచ్చినప్పుడు దేశమంతా నిర్ఘాంతపోయింది. ఆ రోడ్డు తమ అడవిలోంచి వేయమని వారు అడగలేదు. ఫొటో అంటే ఏమిటో, అది ఎక్కడెక్కడికి పోతుందో తెలియనివారిని అనుమతి అడగడం కూడా సాధ్యం కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, తరాలుగా స్థిరపడిన మన తెలుగువారిని అడగండి; వారిలో చాలామంది ఆ దారిలో ఫోన్‌ను సంచిలో పెట్టేస్తారు. మీ పిల్లలకు కూడా బయలుదేరే ముందే ఈ సంగతి చెప్పి, మీ ఫోన్ వారి కళ్ల ముందే సంచిలో పెట్టండి.

ప్రశ్న: ఏ దేశం వెళ్లినా పిల్లలే మొదట పరుగెత్తుకొస్తారు, వారే ఫొటో తీయమంటారు. చాక్లెట్లు ఇచ్చి తీస్తుంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పిల్లలు అడిగితే తీసి, వారికి చూపించండి, వారి నవ్వులు పంచుకోండి. తల్లో తండ్రో దగ్గర ఉంటే వారివైపు ఒక్కసారి చూసి, చేత్తో కెమెరా చూపి, వారు తల ఊపాకే తీయండి. చాక్లెట్లు మాత్రం మానేయండి. బడికి వెళ్లవలసిన సమయంలో బస్సుల వెంట పరుగెత్తే అలవాటు అలాగే మొదలవుతుంది. సామాజిక మాధ్యమాల్లో పెట్టే ముందు మీ మనవరాలి ఫొటోను ఒక విదేశీయుడు "పేద భారతదేశపు నవ్వు" అన్న శీర్షికతో పెడితే మీకు ఎలా ఉంటుందో ఆలోచించండి. పెట్టాలనే అనుకుంటే తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పి, ఊరి పేరు, బడి పేరు లేకుండా, ఫొటోలో దాగి ఉండే స్థల వివరాలు తొలగించి పెట్టండి. ఒళ్లు కప్పుకోని పిల్లలు, ఆసుపత్రిలోని పిల్లలు, ఏడుస్తున్న పిల్లల ఫొటోలు అసలే వద్దు.

అంకోర్ వాట్ చూడడానికి కాంబోడియా వెళ్లేవారికి ఒక హెచ్చరిక. సియెమ్ రీప్‌లో అనాథ శరణాలయాల సందర్శన అని పిలిస్తే వెళ్లకండి. ఆ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. విరాళాలు ఇచ్చే పర్యాటకులు వస్తున్నారనే కొన్ని చోట్ల పిల్లలను పోగుచేసి ఉంచుతున్నారు. మన కెమెరా అక్కడ ఆ వ్యాపారానికి పెట్టుబడి అవుతుంది.

ప్రశ్న: మాది అరకు లోయలో ఒక గ్రామం. మా ఊరి ఆడవాళ్లం పద్నాలుగు మందిమి రిసార్టుల్లో థింసా ఆడతాం. దానికి డబ్బిస్తారు, ఫొటోలు తీస్తారు, సరే. కానీ ఆట అయిపోయాక ఇంటికి వచ్చి నీళ్లు మోస్తున్నా, పొలంలో ఉన్నా, పిల్లకు పాలిస్తున్నా కూడా వచ్చి తీస్తున్నారు. వద్దంటే నవ్వుతున్నారు. ఒకాయన నా ముక్కు కమ్ములు పట్టుకుని చూశాడు. మేం వద్దు అనవచ్చా? అలా అంటే టూరిస్టులు రావడం మానేస్తారని మా వాళ్లు భయపడుతున్నారు. ఈ ఉత్తరం మా అమ్మాయి రాసిపెడుతోంది.
— ఒక పాఠకురాలు, అరకు లోయ

జవాబు: అమ్మా, నిస్సందేహంగా అనవచ్చు. మీరు రిసార్టులో ఆడిన ఆటకు డబ్బిచ్చినవారు ఆ ఆటను చూసే, తీసుకునే హక్కునే కొనుక్కున్నారు. మీ ఇల్లు, మీ పొలం, మీ బిడ్డ ఆ ధరలో లేవు. ఏకాంతం ప్రతి పౌరుడికీ ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. బిడ్డకు పాలిస్తున్న తల్లిని ఫొటో తీయడం, ముక్కు కమ్ములు పట్టుకోవడం ఏ మర్యాదకూ అందని పనులు. ఒంటిమీద చెయ్యి వేసినవారిపై పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

టూరిస్టులు రారన్న భయం గురించి ఒక ఊరి సంగతి చెబుతాను, మీ అమ్మాయిని మీ వాళ్లందరికీ చదివి వినిపించమనండి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో టావోస్ ప్యూబ్లో అనే ఊరుంది. అక్కడి ఆదివాసులు వెయ్యేళ్లుగా, ఎర్రమట్టి ఇటుకలతో కట్టిన అంతస్తుల ఇళ్లలో ఉంటున్నారు. ప్రపంచ వారసత్వ స్థలంగా 1992లో గుర్తింపు వచ్చింది. వారి షరతులు వారే రాసుకున్నారు: ఊరివారిని ఎవరినైనా ఫొటో తీయాలంటే ముందు అడగాలి, గుడి లోపల తీయకూడదు, పండుగ రోజుల్లో కెమెరాలు అసలే తేకూడదు, వ్యాపారం కోసం తీసేవారు ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. కొన్ని పూజల కాలంలో ఊరినే మూసేస్తారు. అయినా లోకం నలుమూలలనుంచి జనం వస్తూనే ఉన్నారు.

మీరు పద్నాలుగు మందీ ఒకచోట కూర్చుని, ఏ చోట, ఏ సమయంలో తీసుకోనిస్తారో, ఏది వద్దో, విడిగా ఫొటో దిగితే ఎంత తీసుకుంటారో నిర్ణయించుకోండి. ఆ డబ్బు రిసార్టు చేతికి కాక మీ చేతికే రావాలని కూడా అందులో చేర్చండి. గ్రామసభలో పెట్టి, తీర్మానంగా రాయించండి. తీర్మానం అయ్యాక మీ ఊరి మొదట్లో తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టవచ్చు. వచ్చేవారిలో బెంగాల్, ఒడిశావారు ఎక్కువైతే వారి భాషల్లో కూడా రాయించండి. రిసార్టుల యజమానులకు ఒక్కో ప్రతి ఇచ్చి, తమ అతిథులకు ముందే చెప్పమని అడగండి.

బోర్డు మీద ఏం రాయాలో మాటలు మీవే ఉండాలి, మేం రాసివ్వం. మీ అమ్మాయి చేత రాయించి మాకు పంపండి. ఇంగ్లీషు, హిందీ, ఒడియా, బెంగాలీ అనువాదాలు మేం చేయించి పంపుతాం. తెలుగు ప్రతిని మీరు ఒప్పుకుంటే ఈ శీర్షికలోనే, అరకు వెళ్లే పాఠకులందరూ చదివేలా ప్రచురిస్తాం.